రాష్ట్రపతి కుర్చీ ఖాళీ అయిన వేళ

షరఫియాలో నలుగురు తెలుగువారు కలిస్తే రాజకీయాల ప్రస్తావన లేకుండా టీ గ్లాసు ఖాళీ కాదు. ఈ ఉగాది సంచికలో ఆ కబుర్లకు పనికొచ్చే ఒక పాత ముచ్చట మనవి చేస్తున్నాము.

పదవిలో ఉండగా కన్నుమూసిన మొదటి భారత రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్. ఆయన 1897లో పుట్టింది మన హైదరాబాదులోనే. 1967 మే 13న రాష్ట్రపతి అయ్యారు. రెండేళ్లు నిండకుండానే, 1969 మే 3న, గుండెపోటుతో హఠాత్తుగా వెళ్లిపోయారు.

రాజ్యాంగం 65వ అధికరణం ప్రకారం ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు అదే రోజు బాధ్యతలు స్వీకరించారు. మరి ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే? ఆ ప్రశ్నకు జవాబుగా అదే నెలలో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అటువంటప్పుడు సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ విధులు నిర్వర్తించాలన్నది. రెండు నెలలకే అది అక్కరకు వచ్చింది! రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి గిరి గారు రాజీనామా చేయగా, జూలై 20 నుంచి ఆగస్టు 24 వరకు జస్టిస్ హిదయతుల్లా ఆ స్థానంలో ఉన్నారు.

ఇక పోటీలో ప్రధాన ప్రత్యర్థులు ఇద్దరూ మనవాళ్లే! ఒకరు బరంపురంలో పుట్టిన గిరి గారు, స్వతంత్ర అభ్యర్థి. ఇంకొకరు ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లావాసి నీలం సంజీవరెడ్డి గారు, కాంగ్రెస్ అభ్యర్థి. ఆత్మప్రబోధం మేరకు ఓటేయమని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. ఆ ఏడే కాంగ్రెస్ చీలింది.

1977 ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ కూడా పదవిలోనే మరణించారు. ఉపరాష్ట్రపతి బి.డి. జత్తి తాత్కాలికంగా బాధ్యత వహించారు. జూలైలో సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అలా రెండు అకాల మరణాల తరువాత జరిగిన రెండు ఎన్నికల్లోనూ తెలుగువారే రాష్ట్రపతి అయ్యారు.

గుండెపోటు కబురు చెప్పి రాదని మాలోని డాక్టర్లకు బాగా తెలుసు. తన తరువాత ఎవరన్నది దేశం ముందే రాసి పెట్టుకుంది. పరాయిగడ్డ మీద ఉన్న మన సంగతేమిటి? పాస్‌పోర్టు, ఇఖామా నకళ్లు, బ్యాంకు ఖాతాల వివరాలు, నామినీ పేరు మన ఇల్లాలికి తెలుసా? పండగపూట ఈ మాటేమిటని అనుకోకండి. పచ్చడిలో వేపపువ్వూ ఉండాలి కదా! ఈ వారమే ఒక కాగితం మీద రాసి, ఇంట్లో చెప్పి పెట్టండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.