రంజాను భోజనము – ఆరోగ్యము

రంజాను మాసమున సాయంకాలము హైదరాబాదు వీధులలో నడచినవారికి ఇటుక భట్టీలును, వాటిలో దించిన పెద్ద డేగిసాలును, కొయ్య గూటములతో హలీమును ఎనుపుచున్న పనివారును కనిపింతురు. గోధుమలు, మాంసము, పప్పులు, నెయ్యి చేర్చి గంటల తరబడి సన్నని సెగపై ఉడికించు ఈ వంటకమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. దాని రుచిని ఎరిగినవారు అనేకులు; ఆ ఉపవాసమునకు ధర్మశాస్త్రము ఏర్పరచిన హద్దులను ఎరిగినవారు కొలదిమంది.

ఇస్లాము ఆహారనియమములనగానే మద్యము, పందిమాంసము నిషిద్ధములని మాత్రమే చెప్పుకొందుము. కాని ఖురాను 'హలాల్' అను మాట ప్రక్కనే 'తయ్యిబ్' అను మాటను నిలిపినది. మొదటిది ధర్మసమ్మతము, రెండవది శుచియైనది, మేలైనది. కడుపులో మూడవ వంతు అన్నమునకు, మూడవ వంతు నీటికి, మిగిలినది ఊపిరికి విడువవలెనని ప్రవక్త బోధించినట్లు హదీసులు చెప్పుచున్నవి. ఇఫ్తారు పళ్లెము నిండ సమోసాలు పేర్చుకొనువారు ఈ లెక్కను మరచినారనక తప్పదు. ఖర్జూరముతోను నీటితోను ఉపవాసము విడుచు ఆచారమే కడుపునకు సుఖము.

ముఖ్యముగ గమనింపవలసినది రోగుల విషయము. రోగికిని ప్రయాణికునికిని ఖురానే మినహాయింపు నిచ్చినది. విడిచిన దినములను పిదప పూర్తిచేయవచ్చును. కోలుకొను ఆశ లేనివారు దినమునకొక పేదకు భోజనము పెట్టిన చాలును. అయినను ఇన్సులిను తీసికొను మధుమేహరోగులు కొందరు పట్టుదలతో ఉపవాసముండి, రక్తములో చక్కెర పడిపోయి ప్రాణాపాయమునకు లోనగుచున్నారు. చాంద్రమాసమగుటచే రంజాను ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరుగును. వేసవిలో వచ్చినపుడు మన ప్రాంతమున సుమారు 14 గంటలు నీరైనను ముట్టరాదు. కావున ఇట్టివారు ఒకటి రెండు నెలల ముందే వైద్యుని కలిసి మందుల వేళలను సరిచేసికొనవలెను. వేలు గ్రుచ్చి రక్తము పరీక్షించుకొన్నచో ఉపవాసము చెడునను భయము వలదు. చెడదని ధర్మవేత్తలే చెప్పుచున్నారు. చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినచో మాత్రము, సూర్యాస్తమయమునకు ఐదు నిమిషములే యున్నను, తత్‌క్షణము విడువవలెను.

ఇక పొరుగువారి పాలు. బక్రీదునాడు ఖుర్బానీ మాంసమును మూడు భాగములుచేసి ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు పంచుట మేలందురు. రంజాను ముగియగనే స్తోమతగలవారు మనిషికింత చొప్పున ఫిత్రా ఇత్తురు. హనఫీల లెక్కలో గోధుమలైనచో అర 'సా', ఖర్జూరములైనచో ఒక 'సా', లేదా దాని వెల. ఇది ఈదు ప్రార్థనకు ముందే చేరవలెను. ఆలస్యమైనచో పేదయింట పండుగపూట పొయ్యి రాజుకొనదు గదా!