కంప్యూటరు దఫ్తరము - దాని తాళములు



పార్వతీపురము స్టేషనులో రైలెక్కి కూర్చున్న పిదప, ఎదుటినుండి వచ్చు బండికై మన బండిని నిలిపియుంచగా విసుగుకొన్నవారు మీలో పలువురుందురు. విజయనగరమునుండి పార్వతీపురమునకు ఇనుపదారి 1908-09లో వచ్చినది. అక్కడినుండి రాయపూరు వరకు 1931లో పూర్తియైనది. మొదట నది ఒంటిదారి. ఒంటిదారులమీద రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండుటకై రైల్వేవారు కనిపెట్టిన ఉపాయములలో నొకటి టోకెను. రెండు స్టేషనుల నడిమి దారికి ఒక సమయమున ఒక టోకెనే వెలికివచ్చును. అది చేతనున్న డ్రైవరే బండి నడుపును. అవతలి స్టేషనున దానిని అప్పగించిన పిదపనే మఱియొకరికి దారి. నేటి ప్రసంగము రైలును గూర్చినది కాదు, కంప్యూటరును గూర్చినది. కాని యీ టోకెనును మనస్సున నుంచుకొన్నచో సగము విషయము తెలిసినట్లే.

1984 వరకు మన గ్రామములలో కరణములు లెక్కలు వ్రాసిరి. ఏ సంవత్సరపు అడంగలు ఏ కట్టలో నున్నదో వారికే యెఱుక. నేడా లెక్కలు కంప్యూటరుల కెక్కినవి. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము క్రింద కురుపాము కొండలలో నొక సవర కుటుంబమునకు పోడుభూమిపై పట్టా వచ్చినదనుకొందము. ఆ వివరము డిస్కుమీద నొకానొక గడిలో నుండును. ఏ గడిలో నేమున్నది, ఏది ఖాళీగా నున్నది అని గుర్తుంచుకొను కరణమే ఫైలు సిస్టము. అయితే మన కరణ మొక్కడు. ఈ దఫ్తరములోనో, ఒకే క్షణమున పదిమంది చేతులు పెట్టుదురు. ఇద్దరు ఒకేసారి చూచి, ఒకే గడిని ఖాళీయని యెంచి, ఇద్దరును దానిలో వ్రాసిరనుకొనుడు. రెండవవాని వ్రాతక్రింద సవరవాని పట్టా తుడిచిపోవును. పొరపాటు జరిగినట్లు ఎవరికిని తెలియదు. అందుచేత ఖాళీగడుల పట్టికకు తాళము వేయుదురు. దీనినే లాకు అందురు. తాళముచెవి చేతనున్నవాడే వ్రాయును, తక్కినవారు కాచుకొందురు. 1960 ప్రాంతములలో ఈ విద్యకు పునాది వేసిన హాలెండుదేశీయుడు డైక్‌స్ట్రా తన సాధనమునకు పెట్టిన పేరు సెమఫోరు. అది రైలు సిగ్నలు కంబము పేరే.

తాళము వేయుట సులభము. చిక్కంతయు తాళములు రెండైనప్పుడు. ఒక కుటుంబము లెక్కను గుమ్మలక్ష్మీపురము కట్టనుండి కురుపాము కట్టలోనికి మార్చవలెను. మఱియొక గుమాస్తా అదే సమయమున వేఱొక లెక్కను కురుపామునుండి గుమ్మలక్ష్మీపురమునకు మార్చుచున్నాడు. మొదటివాడు గుమ్మలక్ష్మీపురము కట్టను పట్టుకొని కురుపాము కట్టకై కాచియున్నాడు. రెండవవాడు కురుపాము కట్టను వదలక గుమ్మలక్ష్మీపురమునకై కాచియున్నాడు. ఇద్దరిలో నెవ్వరికిని తప్పులేదు, పని మాత్రము యుగాంతము వరకు సాగదు. దీనికి డెడ్‌లాకు అని పేరు. నివారణోపాయము మన అక్షరమాలలోనే యున్నది: గకారమునకు ముందు కకారము. ఎవడైనను, ఏ పనికైనను, ముందు కురుపాము కట్టనే తీయవలెనని కట్టడి చేసినచో ఈ ముడి పడనే పడదు. ఐ.బి.ఎం.లో పనిచేసిన హావెండరు 1968లో ఈ క్రమపద్ధతిని వివరించి ప్రకటించెను. ఇప్పటి లినక్సు ఫైలు సిస్టములందును ఇట్టి నియమమే కలదు: ఒకటి మఱియొకదానికి తల్లియైనచో తల్లికే ముందు తాళము.

ఇంతకన్న విచిత్రమైన దింకొకటి కలదు. రెండు పెట్టెలున్నవి. ఒకడు మొదటి పెట్టెను రెండవదానిలో పెట్టుచున్నాడు. అదే క్షణమున మఱియొకడు రెండవదానిని మొదటిదానిలో పెట్టుచున్నాడు. కొయ్యపెట్టెల విషయమున నిది యసాధ్యము. కంప్యూటరులో "లోపలనుండుట" యనగా ఒక వ్రాతయే కావున సాధ్యము! ప్రతివాడును ముందు సరిచూచుకొనియే చేసినను, తుదకు రెండు పెట్టెలును ఒకదానిలో నొకటి చిక్కి, బీరువానుండి విడిపోయి, వానిలోని కాగితములకు దారియే లేకుండును. అందువలన లినక్సునందు ఒక డైరెక్టరీని వేఱొక డైరెక్టరీలోనికి మార్చుపనికి, ఒక్కొక్క ఫైలు సిస్టము మొత్తమునకు ఒకే తాళము. ఇది అచ్చముగా మన ఒంటిదారి టోకెనే.

మఱి అన్ని పనులకును ఒకే తాళము చాలదా యని మీరడుగవచ్చును. 1996లో లినక్సువా రట్లే చేసిరి. దానిని పెద్దతాళ మనిరి. చిక్కులు తక్కువే, కాని పదిమంది పనివాండ్రలో తొమ్మిదిమంది వాకిట నిలువవలసివచ్చెను. దానిని తొలగించి చిన్నతాళములు పెట్టుట 2011 నాటికిగాని ముగియలేదు. పదునైదేండ్లు! ఒక్కొక్కచోట ఆ పెద్దతాళము దేనిని కాపాడుచున్నదో వ్రాసినవారికే జ్ఞాపకము లేకపోయినది కాబోలును.

చిన్నతాళములు పెరిగినకొలది ముడులు పెరుగును. ఈ ముడి రోజు పడదు. వేయి దినములలో నొకనాడు పడి, మరల ప్రయత్నించినప్పుడు కనబడదు. 2006లో హంగెరీదేశీయుడగు ఇంగో మోల్నారు లాక్‌డెప్ అను పరీక్షకుని లినక్సులో చేర్చెను. ఎవడు ఏ తాళము తరువాత ఏది తీసెనో అది వ్రాసికొనుచుండును. ఉదయము నొకడు కురుపాము పిదప గుమ్మలక్ష్మీపురము, సాయంకాలము మఱియొకడు గుమ్మలక్ష్మీపురము పిదప కురుపాము తీసినచో, వారిద్దరు కలిసికొనకున్నను, "ఒకనాడు ముడిపడును" అని యప్పుడే హెచ్చరించును. ప్రమాదము జరుగకమునుపే ప్రమాదమును పట్టుట గొప్ప మేలు.

ఇక మౌంటు సంగతి. బొబ్బిలివద్ద సాలూరు శాఖ పెద్దదారికి కలిసినట్లు, ఒక డిస్కును దఫ్తరపు చెట్టులో నొక కొమ్మకు తగిలించుటయే మౌంటు. తగిలించిన పిదప ఆ కొమ్మమీద పూర్వమున్నవి మఱుగుపడును, నశింపవు. ఒకనాడు కరెంటు పోయి, డిస్కు తగులుకొనలేదు. గుమాస్తా యెఱుగక ఆ నాటి లెక్కలన్నియు వట్టికొమ్మమీదనే వ్రాసెను. మఱునాడు డిస్కు సరిగా తగులుకొన్నది. నిన్నటి లెక్కలు కనబడవు! అవి క్రిందనే యున్నవి. డిస్కును విప్పి చూచినచో దొరకును. ఇది తెలియక మరల వ్రాయించినచో ఒకే కుటుంబమునకు రెండు లెక్కలగును.

తగిలించుపని సగములో చెడినప్పుడే కోడు వ్రాయువాని నైపుణ్యము తెలియును. ఎక్కిన మెట్లన్నియు వెనుకకు, తలక్రిందుల వరుసలో దిగవలెను: చివర వేసిన తాళము ముందు తీయవలెను. ఒక్క మెట్టు మఱచెనా, ఆ తాళ మెన్నటికిని విడదు. అంతా సవ్యముగా జరుగుదారిని అందరును పరీక్షింతురు, చెడినదారిని పరీక్షించువా రరుదు. లోపములలో పెక్కు అచటనే దాగియుండును. డిస్కును విప్పునప్పుడు లెక్క వేఱు: దానిని వాడుచున్నవారెందరో సిస్టము లెక్కించుచుండును. ఒక్కరున్నను "పనిలో నున్నది" యని విప్పనీయదు. ఆ లెక్క ఒకటి తక్కువైనచో మనుష్యుడుండగా వంతెన తీసినట్లగును. ఒకటి యెక్కువైనచో ఎవ్వరు లేకున్నను డిస్కు విడదు.

మీ సచివాలయములో గుమాస్తా పెన్‌డ్రైవును తీయుటకు ముందు తెరమీద నేదో నొక్కి, కొంచెము సేపు ఊరకుండుట చూచియుందురు. ఆ సమయమున జ్ఞాపకములో నిలిచియున్న వ్రాత డ్రైవుమీదికి దిగుచుండును. పట్టా నకలుకై వెళ్లినప్పుడు మీరు తొందరపెట్టకుడు.