ఉదయపు గ్లాసులో ఎన్ని కేలరీలు? – అంబలి మొదలు స్మూతీ వరకు

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. చేతికి అందే వస్తువు మీద మనిషికి చిన్నచూపు ఎక్కువ. ప్రాణహిత ఒడ్డున ఉన్న మన సిరోంచా ప్రాంతంలో ఉదయపు ఆహారం విషయంలో ఈ సామెత అక్షరాలా నిజమవుతున్నది.

ఆ మధ్య తరగతిలో సమతుల ఆహారం పాఠం చెబుతూ, ఆ ఉదయం ఎవరెవరు ఏమి తిని వచ్చారో అడిగాను. చాయ, బిస్కట్లు అని చాలామంది ధైర్యంగా చెప్పారు. ఏమీ తినలేదని కొందరు చెప్పారు. ఒక బాలిక మాత్రం తల వంచుకొని, వినీ వినబడనట్లు "అంబలి" అన్నది. వెనుక బల్లల మీద నవ్వులు వినిపించాయి. నిజానికి ఆ రోజు తరగతిలో అందరికంటె మంచి ఆహారం తీసుకున్నది ఆ బాలికే. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ నవ్వులే కారణం.

స్మూతీ అంటే ఏమిటి?

పండ్లను పాలతోగాని పెరుగుతోగాని కలిపి, మిక్సీలో చిక్కగా, నున్నగా తిప్పిన పానీయాన్ని నగరాలలో స్మూతీ అంటున్నారు. పండ్లరసం వలె వడపోయరు గనుక పండులోని పీచు పదార్థం గ్లాసులోనే మిగులుతుంది. రసానికీ స్మూతీకీ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే. పీచు ఉన్నందువల్ల కడుపు నిండిన భావన కలుగుతుంది. అయితే "పండ్లే కదా" అనే ధీమాతో అందులో కలిపే ఇతర పదార్థాల లెక్క చాలామంది చూడరు.

ఒక గ్లాసు లెక్క చూద్దాం. మధ్యరకం అరటిపండ్లు రెండు వేస్తే సుమారు 220 కేలరీలు. గేదెపాలు 200 మిల్లీలీటర్లకు సుమారు 210. నాలుగు చెంచాల చక్కెరకు 80. గుప్పెడు జీడిపప్పుకు, అంటే 20 గ్రాములకు, 115కు తక్కువ కాదు. మొత్తం 600 దాటిపోతుంది. ఒక చిన్న ఇడ్లీకి 60 కేలరీలు అనుకుంటే ఇది పది ఇడ్లీలతో సమానం. పది ఇడ్లీలు ఒక్కసారి తినమంటే వెనుకాడే మనిషి, ఈ గ్లాసును రెండు నిమిషాలలో తాగి, గంటన్నర తరువాత మళ్లీ టిఫిను వెతుక్కుంటాడు. నమిలి తిన్న ఆహారం ఇచ్చినంత తృప్తిని తాగిన ఆహారం ఇవ్వదు.

మన గ్లాసు లెక్క

ఇప్పుడు ఇంటి గ్లాసుకు వద్దాం. 30 గ్రాముల జొన్నపిండికి 100 కేలరీలు. సగం గ్లాసు పలుచని మజ్జిగకు 15. పది గ్రాముల పుట్నాల పొడికి సుమారు 40. పక్కన వంద గ్రాముల బొప్పాయి ముక్కలు పెట్టుకుంటే మరో 30. అన్నీ కలిపినా 185 దగ్గర ఆగుతుంది. పై గ్లాసులో మూడవ వంతు కూడా లేదు. పిండిపదార్థం, మాంసకృత్తులు, పీచు, నీరు అన్నీ ఇందులో సమకూరుతాయి.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ చదివే మన పిల్లలకు ఈ పదార్థాల పేర్లు రెండు భాషలలోనూ తెలిసి ఉండాలి. మన అంబలి మరాఠీలో ఆంబీల్. మజ్జిగ తాక్. జొన్న జ్వారీ. నది ఆవల తెలంగాణలో తైదలు అని కూడా పిలిచే రాగులు మరాఠీలో నాచణీ. పేర్లు వేరైనా గంజి ఒక్కటే. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. తరగతిలో నవ్వులపాలైన అంబలి ఆ సంవత్సరమే పెద్ద పెద్ద హోటళ్ల వడ్డనలకు ఎక్కింది.

రాగులకు ఒక ప్రత్యేకత ఉన్నది. వంద గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు ఉండడమే గొప్ప. పాలు కొనలేని ఇళ్లలో పిల్లల ఎముకలకు రాగిజావ ఎంత ఆసరాయో దీనినిబట్టి గ్రహించవచ్చు.

పులియబెట్టడం ఎందుకు?

ధాన్యాలలో ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అది ఇనుము, జింకు వంటి ఖనిజాలను పట్టి ఉంచి, శరీరానికి సరిగా అందనివ్వదు. పిండిని రాత్రి నీటిలో నానబెట్టి పులియనిస్తే ఈ ఆమ్లం కొంత తగ్గుతుంది. పుల్లని రుచిని ఇచ్చే లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవులే ఈ మేలు చేస్తాయి. మన అమ్మమ్మలు ఈ పేర్లేవీ ఎరుగరు. కుండ మాత్రం తప్పక మూతపెట్టి పడుకునేవారు.

ఇక చాయ సంగతి. ఆహారంతోపాటు తాగిన చాయ, ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. జామ, ఉసిరి, బొప్పాయి వంటి 'సి' విటమిన్ గల పండ్లు అదే ఇనుమును బాగా పట్టేటట్లు చేస్తాయి. రక్తహీనతతో బాధపడే ఆడపిల్లల తల్లులు ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నా చాలు. చాయను ఆహారానికి గంట దూరంలో ఉంచాలి.

చేసుకునే విధానాలు (ఒక్కొక్కరికి)

1. జొన్న అంబలి: మూడు పెద్ద చెంచాల (30 గ్రాముల) జొన్నపిండిని రాత్రి సగం గ్లాసు నీటిలో కలిపి, కుండలో మూతపెట్టి ఉంచాలి. ఉదయం గ్లాసున్నర నీరు మరిగించి, ఈ పిండినీటిని సన్నగా పోస్తూ, ఉండ కట్టకుండా కలుపుతూ, ఎనిమిది పది నిమిషాలు ఉడికించాలి. చల్లారిన తరువాత సగం గ్లాసు మజ్జిగ, చెంచా పుట్నాల పొడి, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర, తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు వేసి కవ్వంతో చిలకాలి. సుమారు 155 కేలరీలు.

2. రాగి–బొప్పాయి పానీయం: రెండు చెంచాల (20 గ్రాముల) రాగిపిండితో జావ కాచి చల్లార్చాలి. వంద గ్రాముల పండిన బొప్పాయి మెదిపి, సగం గ్లాసు ఆవుపెరుగుతో కలిపి చిలకాలి. యాలకుల పొడి వేసుకోవచ్చు. సుమారు 155 కేలరీలు. కలిపిన వెంటనే తాగాలి. నిలువ ఉంచితే బొప్పాయిలోని పదార్థం పెరుగుపై పనిచేసి చేదు తెస్తుంది.

3. జామ–మజ్జిగ: చలికాలంలో మెత్తని జామపండు గుజ్జు, గ్లాసు మజ్జిగ, చెంచాన్నర పుట్నాల పొడి. నడిమి గట్టి గింజలు మాత్రమే తీసివేయాలి, తొక్క ఉంచాలి. సుమారు 135 కేలరీలు.

కరెంటు లేదని, మిక్సీ లేదని ఆగవలసిన పని లేదు. ఈ మూడింటికీ కవ్వం చాలు. వేసవిలో జామకు బదులు కర్బూజ వాడుకోవచ్చు. సీతాఫలం రుచికరమే గాని అందులో చక్కెర ఎక్కువ, కనుక తక్కువగా వేయాలి.

కొన్ని జాగ్రత్తలు

బెల్లం వేస్తే బరువు పెరగరనేది అపోహ. కేలరీలలో బెల్లానికీ చక్కెరకూ పెద్ద తేడా లేదు. తేనె సంగతీ దాదాపు అంతే. ఖర్జూరం రెండు చాలు, గుప్పెడు వద్దు.

మధుమేహం ఉన్నవారు మెత్తని పిండితో కాచిన పలుచని జావను ఒంటిగా తాగితే రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది. మజ్జిగ, పుట్నాలు లేదా వేరుశనగలు కలిపి, చిక్కగా, కొద్దిగా తీసుకోవాలి. మందులు వాడేవారు వైద్యుని అడిగే మార్చుకోవాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి. ఎండాకాలంలో ఇక్కడి వేడికి అంబలి త్వరగా చెడుతుంది. ఏ రోజుది ఆ రోజే ముగించాలి. బూజు కనిపిస్తే, దుర్వాసన వస్తే పారవేయాలి.

అన్నింటికంటె ముఖ్యమైన మాట ఒకటి. తక్కువ కేలరీల గ్లాసు కూర్చుని పనిచేసేవారికి, బరువు తగ్గవలసినవారికి. మిరప తోటకు వెళ్లే కూలికి, తునికాకు కోయడానికి తెల్లవారకముందే అడవికి నడిచే తల్లికి, ఎదిగే పిల్లలకు అది చాలదు. వారికి అదే అంబలిలో వేరుశనగ పొడి పెంచి, పక్కన జొన్నరొట్టెగాని గుడ్డుగాని పెట్టాలి. ఒక ఇంట్లో తండ్రికి బరువు ఎక్కువై, బిడ్డకు బరువు తక్కువై ఉండడం మన జిల్లాలో వింత కాదు. ఇద్దరికీ ఒకే గ్లాసు పోయడం పొరపాటు.

కుండ ఒక్కటే ఉండవచ్చు. గ్లాసులో ఏమి కలపాలో, ఎంత పోయాలో తెలిసి ఉండాలి. ఈసారి బడిలో ఏ బిడ్డ అయినా "అంబలి తాగి వచ్చాను" అంటే ఆ మాట గట్టిగా చెప్పమని మనమే అడగాలి. పెరటి చెట్టు మందుకు పనికివస్తుందని పిల్లలకు చూపవలసినవారు పెద్దలే.