కొవ్వును తగ్గించే మందు కణితిని కరిగిస్తుందా?

ఒకప్పుడు పట్టణవాసుల వ్యాధిగా పేరుపడిన రక్తపుకొవ్వు నేడు నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతానికి సైతం ప్రాకింది. వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల కుటుంబాలలో నలభై దాటినవారు రక్తపరీక్ష చేయించుకోవడం, రాత్రి భోజనానంతరం ఒక చిన్న మాత్ర వేసుకోవడం ఇప్పుడు వింత కాదు. ఆ మాత్ర అటోర్వాస్టాటిన్ కావచ్చు, రోసువాస్టాటిన్ కావచ్చు. ఈ జాతి మందులన్నిటినీ కలిపి స్టాటిన్లు అంటారు.

వీటిని గురించి పరస్పర విరుద్ధమైన రెండు మాటలు వినవస్తుంటాయి. ఏళ్ల తరబడి వాడితే క్యాన్సర్ వస్తుందని కొందరు భయపెడతారు. క్యాన్సర్‌ను సైతం మాన్పుతుందని మరికొందరు ఆశపెడతారు. మొదటి మాట నమ్మి హృద్రోగి మందు మానుకొన్నా, రెండవ మాట నమ్మి క్యాన్సర్ రోగి అసలు చికిత్సను వాయిదా వేసినా ప్రాణాపాయమే. కనుక ఇందులో నిజమెంతో తెలుసుకొనడం ప్రతి గృహస్థునికీ అవసరం.

బూజు నుంచి పుట్టిన మందు

జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో వేలాది బూజులను పరీక్షించి, 1973లో ఒకదానిలో కొలెస్టరాల్ తయారీని అడ్డగించే పదార్థాన్ని కనుగొన్నారు. ఆ బూజు క్యోటో నగరంలోని ధాన్యపు కొట్టు నుంచి తెచ్చిన బియ్యంపై పెరిగినది. దాని నుంచి వెలికితీసిన కాంపాక్టిన్ అన్నదే తొలి స్టాటిన్.

అయితే 1980లో ఆ మందుపై ఒక పిడుగు పడింది. మిక్కిలి పెద్ద మోతాదులో ఇచ్చిన కుక్కలలో కణితులు కనిపించాయన్న అనుమానంతో దాని అభివృద్ధి నిలిచిపోయింది. దానికి దగ్గరి బంధువైన లోవాస్టాటిన్ పరిశోధన కూడా కొంతకాలం ఆగి, తిరిగి మొదలై, 1987లో అమెరికాలో అనుమతి పొందింది. క్యాన్సర్ భయం ఈ మందును పుట్టుకనుంచే వెన్నాడిందన్నమాట. అదే మందు క్యాన్సర్ కణాలను చంపుతుందేమోనని శాస్త్రజ్ఞులే తరువాత పరీక్షించడం విధివిలాసం.

కణంలో జరిగేదేమిటి?

మన దేహంలోని కొలెస్టరాల్‌లో అధికభాగం తిండివల్ల వచ్చేది కాదు, దేహమే తయారుచేసుకొనేది. ఈ పనిలో కాలేయానిది ముఖ్యపాత్ర. ఈ తయారీ పొడవైన గొలుసు వంటిది. అందులో హెచ్.ఎం.జి. కో-ఎ రిడక్టేజ్ అనే ఎంజైము ముఖ్యద్వారం. స్టాటిన్ ఆ ద్వారాన్ని మూస్తుంది. అపుడు మెవలోనిక్ ఆమ్లం తగ్గి, కొలెస్టరాల్ తగ్గుతుంది. కొరత తీర్చుకొనేందుకు కాలేయం రక్తంలోని చెడుకొవ్వును లోనికి లాక్కొంటుంది.

మెవలోనిక్ ఆమ్లం నుంచి కొలెస్టరాల్ ఒక్కటే పుట్టదు. మరికొన్ని శాఖలు కూడా చీలతాయి. వాటిలో ఒక శాఖ తయారుచేసే కొవ్వు తోకలు రాస్, రో అనే మాంసకృత్తులకు తగులుకొని, వాటిని కణపు పొరకు అంటిపెట్టి ఉంచుతాయి. కణం విభజన చెందాలనీ, కదలాలనీ ఆజ్ఞలు అందించేవి ఈ మాంసకృత్తులే. మానవులకు వచ్చే క్యాన్సర్లలో సుమారు ఐదింట ఒక వంతులో రాస్ జన్యువు చెడి, "విభజించు, విభజించు" అని నిరంతరం ఆజ్ఞాపిస్తూ ఉంటుంది. తోక లేనిదే రాస్ పొరను పట్టుకొనలేదు, ఆజ్ఞ ఇవ్వలేదు.

ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలపై స్టాటిన్ పోయగా అనేక రకాల కణాలు పెరుగుట మానివేశాయి. కొన్ని తమంత తామే నశించాయి. తిరిగి మెవలోనిక్ ఆమ్లం అందించగానే తేరుకొన్నాయి. దెబ్బ తగిలినది సరిగ్గా ఆ గొలుసుమీదనే అనడానికి ఇది నిదర్శనం.

తెలుగువాడు వేసిన త్రోవ

కణానికి కావలసిన ఒక పదార్థాన్ని అందకుండా చేసి క్యాన్సర్‌ను లొంగదీయడం అనే ఆలోచన మనకు కొత్త కాదు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులు తయారుచేయించారు. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇవ్వగా, పలువురికి తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948లో ప్రచురితమయ్యాయి. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఆ మందు రోగులపై నెగ్గినది గనుకనే చికిత్స అయింది. మరి స్టాటిన్లు?

రోగులలో కనిపించినదేమిటి?

డెన్మార్కు దేశపు క్యాన్సర్ రోగుల వివరాలను పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనంలో, వ్యాధి బయటపడక ముందునుంచే స్టాటిన్ వాడుతున్నవారిలో మరణాలు 15 శాతం తక్కువగా కనిపించాయి. ఇది ఆశ కలిగించే వార్తే. అయితే మందు క్రమంగా వాడేవారు సాధారణంగా ఆహారవిహారాలలోనూ, వైద్యపరీక్షలలోనూ శ్రద్ధ కలవారై ఉంటారు. మేలు మందుదా, శ్రద్ధదా అన్నది ఇటువంటి పరిశీలనలో తేలదు.

తేల్చేది చీటీలు వేసినట్లు రోగులను రెండు జట్లుగా విడదీసి చేసే పరీక్ష. బ్రిటన్‌లో 846 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో ఒక జట్టుకు కీమోథెరపీతోపాటు ప్రవాస్టాటిన్, మరొక జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితం ప్రకారం రెండు జట్ల ఆయుష్షులో చెప్పదగిన తేడా లేదు. ఇక హృద్రోగ నివారణకై జరిగిన 27 పరీక్షలలోని సుమారు 1,75,000 మందిని కలిపి చూడగా, సుమారు అయిదేళ్ల వాడకంలో స్టాటిన్లవల్ల క్యాన్సర్ పెరగనూ లేదు, తగ్గనూ లేదు. భయమూ ఆశా రెండూ అక్కడ వీగిపోయాయి.

కారణం ఊహించదగినదే. గాజుపాత్రలో వాడిన మోతాదు తరచు మన రక్తంలో చేరేదానికంటె ఎన్నోరెట్లు ఎక్కువ. మ్రింగిన మందులో అధికభాగాన్ని కాలేయమే పట్టివేస్తుంది. పైగా ద్వారం మూసుకొన్న క్యాన్సర్ కణం ఆ ఎంజైమునే మరింతగా తయారుచేసుకొని తప్పించుకొనగలదు.

గుగ్గులు సంగతి

సుశ్రుతుడు మేదోరోగానికి చెప్పిన గుగ్గులును ఆధారం చేసుకొని, 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి చేసిన పరిశోధన దేశానికి గర్వకారణం. గుగ్గులులోని సారం కూడా గాజుపాత్రలో క్యాన్సర్ కణాలను అణచినది. కాని 2003లో అమెరికాలో 103 మందిపై జరిగిన పరీక్షలో చెడుకొవ్వు తగ్గకపోగా కొద్దిగా పెరిగింది. మన మందైనా, పరాయి మందైనా ఒకటే త్రాసులో తూచడం న్యాయం.

పాఠకులకు సూచనలు

1. హృద్రోగం, పక్షవాతం, మధుమేహం కారణంగా వైద్యుడు స్టాటిన్ వ్రాసి ఉంటే, క్యాన్సర్ భయంతో మానవద్దు.

2. క్యాన్సర్ తగ్గుతుందన్న ఆశతో సొంతంగా మొదలుపెట్టవద్దు, మోతాదు పెంచవద్దు.

3. కండరాల నొప్పి తీవ్రమై, మూత్రం నల్లబారితే వెంటనే వైద్యుని కలవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని అనుమతి లేనిదే వాడరాదు.

4. చైనీయుల ఎర్ర బూజుబియ్యంలో ఉన్నది సాక్షాత్తు లోవాస్టాటినే. సహజమనుకొని స్టాటిన్‌తోపాటు తీసుకొంటే మోతాదు రెట్టింపవుతుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం సైతం కొన్ని స్టాటిన్ల పాలును రక్తంలో పెంచుతుంది.

5. గుగ్గులు, త్రిఫల వంటివి వాడుతున్నవారు ఆ సంగతి ఇంగ్లీషు వైద్యునికి దాచకుండా చెప్పాలి.

6. రాగి, జొన్న, సజ్జ సంకటి, ఉలవలు, మెంతులు, ఆకుకూరలు మెట్టప్రాంతపు వంటింటికి పరాయివి కావు. వీటిలోని పీచు కొవ్వును కొంతమేరకు తగ్గించగలదు. నిత్యం నడక, పొగాకు విసర్జన దీనికి తోడైతే గుండెకూ మేలు, క్యాన్సర్ ముప్పూ తగ్గుతుంది. పథ్యం మందుకు తోడు. పథ్యం ఉన్నది కదా అని మందును, మందు ఉన్నది కదా అని పథ్యాన్ని మానరాదు.