తిండిపోతు అనకండి



పండగనాడు కోడికూర ఉంటే అందరం రెండు ముద్దలు ఎక్కువే తింటాం. అది జబ్బు కాదు. కానీ కొంతమంది పిల్లలు ఆకలి లేకపోయినా తింటారు. మొదలుపెడితే ఆపుకోలేరు. గబగబా, కడుపు నొప్పి పుట్టేదాకా తింటారు. ఎవరైనా చూస్తారేమోనని దాక్కొని తింటారు. తర్వాత సిగ్గుపడి ఏడుస్తారు. దీన్ని బింజ్ ఈటింగ్ అంటారు. 1959లోనే అమెరికాలో స్టంకార్డ్ అనే డాక్టరు గారు దీని గురించి రాశారు. 2013లో అక్కడి మానసిక వైద్యులు దీన్ని విడిగా ఒక జబ్బుగా తమ పుస్తకంలో చేర్చారు. కనీసం వారానికొకసారి, మూడు నెలలపాటు ఇలా జరిగితే జబ్బు అనుకోవాలంట.

ఎందుకు వస్తుంది?

1. కడుపు మాడ్చుకుంటే: 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యమైన యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. తర్వాత మళ్లీ బాగా పెడితే కొందరు జబ్బు చేసేదాకా తిన్నారు. అయినా ఆకలి తీరలేదన్నారు. వాళ్లేమీ తిండిపోతులు కాదు. లావు తగ్గాలని పొద్దున టిఫిను మానేస్తే, మన ఒళ్లు కూడా షావుకారులాగా రాత్రికి వడ్డీతో వసూలు చేస్తుంది.

2. మనసు బాగోకపోతే: బెంగ, భయం, కోపం ఉన్నప్పుడు తింటున్నంతసేపూ మర్చిపోయినట్టు ఉంటుంది. తర్వాత బాధ రెట్టింపు అవుతుంది.

3. వెక్కిరిస్తే: లావుగా ఉన్న పిల్లను "డ్రమ్ము" అంటే తిండి తగ్గదు. అందరి ముందు తక్కువ తిని, చాటుగా ఎక్కువ తింటుంది.

ఎవరికి వస్తుంది?

తిండి జబ్బులు సన్నగా ఉండే తెల్లజాతి అమ్మాయిలకే వస్తాయని అమెరికాలో చాలాకాలం అనుకున్నారు. కానీ నల్లజాతి పిల్లల్లో, స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లల్లో, ఆదివాసీ పిల్లల్లో కూడా ఇది ఉంది. లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. లావుగా ఉన్న అందరికీ ఉండదు.

లావు కావడానికి వేరే కారణాలున్నాయి. అరిజోనాలో పీమా అనే ఆదివాసులు గిలా నది నీళ్లతో సేద్యం చేసేవారు. 1800ల చివర్లో ఎగువన స్థిరపడ్డవాళ్లు ఆ నీళ్లు మళ్లించుకున్నారు. పంటలు పోయాయి. తర్వాత సర్కారు ఇచ్చిన మైదా, పంచదార, కొవ్వు తిన్నారు. వాళ్లలో లావు, షుగరు జబ్బు బాగా పెరిగాయి. మెక్సికో కొండల్లో సేద్యం చేసుకునే పీమావాళ్లలో అవి చాలా తక్కువ. మరి తప్పు ఎవరిది?

మనం ఏం చెయ్యాలి?

మూడు పూటలా వేళకు తినాలి. ఒకరి కంచంలో ముద్దలు ఇంకొకరు లెక్కపెట్టకూడదు. మేడమ్, బరువు తూచినప్పుడు అందరి ముందు పైకి చదవవద్దని, దాచుకొని తిన్న పిల్లను ప్రేయర్లో నిలబెట్టవద్దని మనవి. పక్కకు పిలిచి మెల్లగా అడగండి. ఏఎన్ఎం అక్కకు చెప్పుకోవచ్చు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. ఈ జబ్బు నయమవుతుంది.

నవ్వకండి. అడగండి.

— 9వ తరగతి విద్యార్థిని