నర్సమ్మ 'మీరు' అంది

మా రామాపురంలో ఒకామె మనసు బాగోక కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చింది. చూడబోతే మందుల సంగతి ఎత్తలేదు. "అక్కడ నర్సమ్మ నన్ను 'మీరు' అనేదండీ" అంది.

అందులో ఏముంది అంటారా? ఉంది. హిల్డెగార్డ్ పెప్లౌ అని అమెరికాలో ఒక నర్సు. మానసిక రోగులకు సేవ చేసిన మనిషి. నర్సుకూ రోగికీ నడుమ కుదిరే సంబంధం కూడా వైద్యమేనని 1952లో పుస్తకం రాసింది. మందులు అక్కర్లేదని కాదు సుమండీ! మొదట ఇద్దరూ కొత్తవాళ్లే కదా, ఇంటికొచ్చిన కొత్తమనిషిని పలకరించినంత మర్యాదగా రోగిని పలకరించాలంటుంది. మనమేమో ఎర్రగడ్డ ఆస్పత్రి పేరునే తిట్టు చేసుకున్నాం.

పోనుపోను నమ్మకం కుదురుతుంది. రోగి ఆ నర్సులో అమ్మనో అక్కనో చూసుకుంటుంది, సాయం అడిగి తీసుకుంటుంది. ఆఖరి మెట్టే కష్టం, చెయ్యి వదలడం. ఇన్నాళ్లూ జడవేసిన నర్సు దువ్వెన ఆమెకే ఇవ్వాలన్నమాట. ఇంట్లో మనం తప్పేది ఇక్కడే. ప్రేమకొద్దీ పొయ్యి దగ్గరికి రానివ్వం, "నువ్వు కూర్చోవే" అంటాం.

రోగికి బలవంతంగా గుండు చేయించకూడదనీ, సొంత బట్టలు కట్టుకుంటానంటే కాదనకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. సలహా కావలిస్తే 14416, టెలి మానస్‌కి ఫోన్ చెయ్యండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొన్న ఆమె గోంగూర పచ్చడి చేసి తెచ్చింది. ఉప్పెక్కువైందన్నాను. "ఈసారి తగ్గిస్తాలెండి" అని నవ్వింది.