విశేష దినాన సముద్రపు చేపల భోజనం



మన తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఊళ్ళు కొండలకూ చెరువులకూ దగ్గర, సముద్రానికి దూరం. మా అత్తిమంజేరిపేటలో పాతతరం వారికి చేప అంటే చెరువు చేప, లేదా సంతలో కొన్న ఎండుచేప. మగ్గం పని చేసే ఇళ్ళలో ఆదివారం నాడు ఎండునెత్తళ్ళ పులుసు కాచితే అదే విందు. ఈ రోజుల్లో పిల్లలు చదువుకుని చెన్నపట్నంలో ఉద్యోగాలు చేస్తున్నారు. మొదటి జీతం అందిన రోజనో, తండ్రి పదవీ విరమణ చేశాడనో, తల్లిదండ్రుల పెళ్ళిరోజనో, పెద్దవాళ్ళను ఖరీదైన సముద్రపు చేపల హోటలుకు పిలుచుకుపోతున్నారు. సంతోషించదగ్గ విషయమే. అయితే అక్కడ అడుగుపెట్టగానే చాలామందికి బెరుకు పుడుతుంది. ఆ బెరుకు పోవడానికి తెలుసుకోదగ్గ నాలుగు సంగతులు ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

మొదటి చిక్కు పేర్లతో వస్తుంది. అక్కడి పట్టీ ఇంగ్లీషులో ఉంటుంది, వడ్డించే అబ్బాయి తమిళంలో మాట్లాడతాడు, మనకు తెలిసిన పేరు తెలుగులో ఉంటుంది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది కనుక మనకు రెండు భాషలూ అలవాటే. ఆ అలవాటు ఇక్కడ అక్కరకు వస్తుంది. సీర్ ఫిష్ అని రాసి ఉంటే అది వంజరం. గోదావరి, విశాఖ వైపు దీన్నే కోనెం అంటారు. పాంఫ్రెట్ అంటే మన చందువ, తమిళంలో వవ్వాల్. సీ బాస్ అన్నా, బారముండి అన్నా పండుగొప్ప, తమిళంలో కొడువా. మేకరెల్ అంటే కానాగంత. నెత్తళ్ళను తమిళంలో నెత్తిలి అంటారు. కోస్తావారి పీత మనకు ఎండ్రకాయ, తమిళులకు నండు. కాలమారి అని కనిపిస్తే అది కణవాయ్. ముల్లు తీయడం కష్టమనుకునే పెద్దలకు వంజరం ముక్క మేలు. దానికి నడిముల్లే తప్ప సన్నముళ్ళు తక్కువ.

రెండవది ధర. చాలా వంటకాల ఎదుట అంకె ఉండదు, ఆనాటి మార్కెట్ ధర అని మాత్రం ఉంటుంది. చేపలు పట్టే పడవలను బట్టి ధర రోజురోజుకూ మారుతుంది కనుక అలా రాస్తారు. అందులో మోసమేమీ లేదు. కానీ అడగకుండా చెప్పేస్తే బిల్లు వచ్చినప్పుడు గుండె గుభేలుమంటుంది. అందుచేత మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ధర ఎన్ని గ్రాములకు? తూకం శుభ్రం చేయక ముందా, చేసిన తరువాతా? మేము ఎంచుకున్న చేప బరువు ఎంత? ఉదాహరణకు 100 గ్రాములకు 180 రూపాయలు అన్నారనుకోండి. వినడానికి తక్కువగానే ఉంటుంది. చేప 1,200 గ్రాములు తూగితే 2,160 రూపాయలు. దానిపై 5 శాతం జీఎస్టీ 108. మొత్తం 2,268. పైగా తల, పొలుసు, పేగులు పోతే పళ్ళెంలోకి వచ్చేది అంత ఉండదు. రొయ్యకు తల, పెంకు తీస్తే ఇంచుమించు సగమే మిగులుతుంది. ఎండ్రకాయలో కండ ఇంకా తక్కువ. పెద్ద నక్షత్రాల హోటళ్ళలో కొన్నింటికి జీఎస్టీ 18 శాతం ఉంటుంది. అదీ ముందుగానే అడగవచ్చు.

మూడవది కాలం. మన పెళ్ళిళ్ళు, పెళ్ళిరోజులు చాలావరకు వేసవిలో పడతాయి. సరిగ్గా అప్పుడే తూర్పుతీరంలో చేపలవేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్ళవు. తమిళనాడులో ఇది 2001లో 45 రోజులుగా మొదలై, 2017 నుండి 61 రోజులయింది. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే గడువు అది. ఆ రోజుల్లో కాశిమేడు రేవులో పడవలు వరుసగా కట్టేసి ఉంటాయి. చిన్న నాటుపడవల వేట మాత్రం సాగుతుంది. కావలసిన పెద్దచేప పడమటి తీరం నుండి మంచులో రావాలి. పడమటి తీరంలో కూడా జూన్ 1 నుండి నిషేధం మొదలవుతుంది. కనుక జూన్ మొదటి రెండు వారాల్లో రెండు తీరాలూ మూతపడి ఉంటాయి. అప్పుడు ధర ఎక్కువ, తాజాదనం తక్కువ. ఆ రోజుల్లో విశేషం వస్తే పెంపకపు రొయ్య, పండుగొప్ప తీసుకోవడం తెలివైన పని. మరోవైపు పెరటాసి నెలలో తమిళనాట చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. అడిగేవారు తగ్గుతారు కనుక చేప ధర దిగుతుంది. ఆ నియమం లేనివారికి అది అనువైన కాలం.

ఎండ్రకాయల మాట వస్తే మన జిల్లా గురించే చెప్పుకోవాలి. తిరువళ్ళూరు జిల్లా తూర్పుకొసన పళవేర్కాడు ఉంది. మనం పులికాట్ అంటాం. చిలికా తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంది. అక్కడి మడ ఎండ్రకాయలను ప్రాణంతోనే తాళ్ళతో కట్టి దూరదేశాలకు కూడా పంపుతారు. ఆ సరస్సులో జాలర్లకు పాడు అనే పాత కట్టుబాటు ఉంది. మంచి వేటచోట్లను చీట్లు వేసి, వంతుల వారీగా పంచుకుంటారు. మనం పళ్ళెంలో విరుచుకునే ఎండ్రకాయ వెనుక అంతటి ఏర్పాటు, అంతటి శ్రమ ఉన్నాయి.

ఇక ఆరోగ్యం. దీన్ని తేలికగా తీసుకోకూడదు. కొందరికి రొయ్య, ఎండ్రకాయ పడవు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం వంటివి నిమిషాల్లో రావచ్చు. ఊపిరి ఇబ్బంది పడితే మజ్జిగ, నిమ్మరసం అంటూ కాలయాపన చేయకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. పెద్దవాళ్ళు జీవితంలో మొదటిసారి తింటున్నారంటే ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టించండి. మునుపు ఎప్పుడైనా పడలేదని తెలిస్తే ఆ ముక్క కూడా వద్దు. ఒకే నూనెలో అన్నీ వేయిస్తారు కనుక ఆ సంగతి వడ్డించేవారికి ముందే చెప్పాలి. మరొకటి. కానాగంత, చూర వంటి చేపలు మంచులో పెట్టకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. నాలుక చురుక్కుమన్నా, మిరియపు ఘాటులా తోచినా ఆ ముక్క పక్కన పెట్టేయండి. చేపను ఎదుట చూపించే చోట కన్ను మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉందా, మొప్ప ఎర్రగా ఉందా, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తోందా చూడండి. తాజా చేపకు సముద్రపు వాసన ఉంటుంది, కుళ్ళు వాసన ఉండదు.

బిల్లు వచ్చాక నిదానంగా చదవండి. సర్వీసు చార్జి అని ఒక అంకె కనిపించవచ్చు. అది పన్ను కాదు. హోటలువారు దానిని తామంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగవచ్చు. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. వడ్డించిన అబ్బాయికి మనసారా ఇచ్చేది వేరు.

చివరిగా ఒక మాట. మా బడిలో చదువుకున్న ఒక అమ్మాయి తన మొదటి జీతంతో తండ్రిని అటువంటి హోటలుకు పిలుచుకుపోయింది. ఆయన మగ్గం నేసి ఆమెను చదివించినవాడు. పట్టీలో అంకెలు చూసి, ఒక వంటకం ధర తన వారం కూలికి సమానమని లెక్కకట్టుకున్నాడు. "నాకు ఆకలి లేదమ్మా, పెరుగన్నం చాలు" అన్నాడు. కూతురికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఒక్క ఇంటి కథ కాదు. మన పెద్దవాళ్ళు ధర చూసి ఆకలి చంపుకోవడం జీవితమంతా నేర్చుకున్నారు. ఒక్కరోజులో అది మారదు.

అందుచేత పిల్లలకు నా సలహా ఏమిటంటే, ముందురోజే హోటలుకు ఫోను చేసి ధరలు కనుక్కోండి. ఎంత ఖర్చు పెట్టాలో మీలో మీరు నిర్ణయించుకోండి. పట్టీని నాయన చేతికి ఇవ్వకుండా, "నాయనా, వంజరం వేపుడు చెప్పనా, ఎండ్రకాయ పులుసు చెప్పనా?" అని అడగండి. చెంచా, ముల్లుగరిటె పక్కన పెట్టి ముందు మీరే చేత్తో కలుపుకోండి. చేప ముల్లు చేతివేళ్ళకు తెలిసినట్టు ముల్లుగరిటెకు తెలియదు. మిమ్మల్ని చూసి వాళ్ళూ నిబ్బరంగా తింటారు. ఖర్చు ఎంతయిందని ఇంటికి వచ్చాక అడిగితే నిజమే చెప్పండి. దాచవద్దు. మీ చదువుకు వాళ్ళు పెట్టినదాంట్లో అది ఎన్నో వంతో కూడా చెప్పండి.